అప్‌డేట్: చోక్ తీసినా స్కూటర్ ఆగట్లేదు

నాన్నగారి పాత టూ-స్ట్రోక్ స్కూటర్ చోక్ (ఇంజన్‌కి వెళ్లే మిశ్రమంలో పెట్రోల్ పాలు పెంచే మీట) లాగితేనే నడుస్తోంది, తీయగానే ఆగిపోతోందని అడిగాను కదా. పైలట్ జెట్ (కార్బ్యురేటర్‌లో, యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్‌కి పెట్రోల్ అందించే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) చూడమని ఇక్కడ ఒక అన్న చెప్పిన మాటే నిజమైంది. విప్పి వెలుతురుకి ఎత్తి చూస్తే అవతలికి చుక్క వెలుగు కూడా కనబడలేదు. ఏళ్లుగా నిలవున్న పెట్రోల్ ఆరిపోయి గోధుమరంగు జిగురులా పట్టేసింది. కార్బ్యురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, పంక్చర్ షాపులో గాలి కొట్టించాను. పిన్ను మాత్రం పెట్టలేదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే జెట్ పనికిరాదు. ఫ్లోట్ నీడిల్ (కార్బ్యురేటర్‌లోకి పెట్రోల్ రాకను ఆపే సూది), గాస్కెట్లు కొత్తవి వేశాను. గాలి-పెట్రోల్ పాళ్లు సర్దే మిక్స్చర్ స్క్రూ మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, ఇంజన్ వేడెక్కాక సర్దాను. ఐడ్లింగ్ ఎంత నిలకడగా ఉందో! ఆ చప్పుడు వినగానే నాన్నగారు బయటికొచ్చేశారు. బండి కొంచెం తిప్పాక, ఆ పాళ్లు సరిపోయాయో లేదో స్పార్క్ ప్లగ్ రంగు చూసి చెప్తాను. అందరికీ చాలా థాంక్స్.