ట్రబుల్ పుట్టింది కళ్లంలోనా, కలకనీటిలోనా?

బ్రాడీపేట పాఠకుడు:
ఇంగ్లీషు ‘ట్రబుల్’కి తెలుగు అనువాదంలో ఏ మాట రాయాలన్నదే ప్రశ్న. ట్రబుల్, ట్రిబ్యులేషన్ (తీవ్రమైన బాధ) అక్కాచెల్లెళ్లు. లాటిన్‌లో ట్రిబ్యులమ్ అంటే నూర్పిడి పలక. అడుగున చెకుముకి రాళ్లో ఇనప పళ్లో దిగ్గొట్టి, పైన బరువు పెట్టి, కోసిన పైరు మీద ఎద్దులతో లాగిస్తారు. వెన్ను నలిగితేనే గింజ రాలుతుంది. ఆ నలుగుడే కష్టం. కాబట్టి ట్రబుల్‌కి ‘కష్టం’ అనే రాయాలి.

కృష్ణలంక నుంచి:
పలక సంగతి నిజమేనండీ, రోమన్ రచయిత వారో దాన్ని వర్ణించాడు కూడా. కానీ దాంట్లోంచి వచ్చింది ట్రిబ్యులేషన్ ఒక్కటే. ట్రబుల్‌కి మూలం లాటిన్ టర్బా, అంటే గుంపు, అలజడి. దాన్నుంచే టర్బిడస్, అంటే కలకబారినది. పాత ఫ్రెంచిలో ‘ర్’ చోటు మారి ట్రుబ్లెర్ అయింది. మన ‘నవ్వులాట’ ‘నవ్వుటాల’ అయినట్టే, వర్ణవ్యత్యయం. ఇంగ్లీషులోకి 13వ శతాబ్దంలో చేరింది.

ఆ టర్బిడస్ మన ఊళ్లో రోజూ వినబడేదే, వాటర్ వర్క్స్ వాళ్ల టర్బిడిటీ, అంటే నీటి కలక. తాగునీటికి అది 1 ఎన్‌టీయూ (కలకని కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి, వేరే నీరు దొరక్కపోతే 5 దాకా ఒప్పుకుంటారు. వరదనీళ్లు బిందెలో గంటలు ఉంచినా తేరవు. సన్న బంకమట్టి రేణువులన్నిటికీ రుణావేశమే (నెగటివ్ చార్జి), ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పటిక ఆ ఆవేశాన్ని తగ్గిస్తే ముద్దకట్టి దిగుతాయి. పటిక వేయగానే ఒకసారి గట్టిగా, తర్వాత మెల్లగా తిప్పాలి. చివరిదాకా గట్టిగా తిప్పితే ముద్దలు చితికి, నీళ్లు మళ్లీ కలకే.

ఇదే బొమ్మ తెలుగులోనూ ఉంది: నీళ్లు కలగడం, మనసు కలత చెందడం. ట్రబుల్‌కి అసలు జోడు ‘కలత’.

బ్రాడీపేట పాఠకుడు:
వేరు విషయం ఒప్పుకుంటున్నాను. అయినా ‘డబ్బు ట్రబుల్స్’ని ‘డబ్బు కలతలు’ అంటామా?

కృష్ణలంక నుంచి:
అనం, అక్కడ ‘ఇబ్బందులు’ సరిపోతుంది. ‘కష్టం’లో శ్రమ కూడా ఉంది, ‘రెక్కల కష్టం’ అంటాం కదా. ట్రబుల్‌లో ఆ బరువు లేదు.

తెనాలి నుంచి:
క్రియగా వాడి చూడండి, తేలిపోతుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, యోహాను 5:4లో, దేవదూత కోనేటి నీళ్లను ‘ట్రబుల్’ చేస్తాడు. అక్కడ నీళ్లకి కష్టమొచ్చిందని ఎవరూ అనరు. కదిలించాడు, కలచాడు, అంతే.