ముందు బ్రేకు పట్టేస్తోంది: సీలు కిట్టు చాలునా, మాస్టర్ సిలిండర్ మొత్తం మార్చాలా?

పాతబండి: ఆరేళ్లుగా కదలని మోటారుసైకిలును మళ్లీ నడపాలనుకుంటున్నాను. ముందు బ్రేకు లీవరు నొక్కి వదిలాక చక్రం తిరగడం లేదు. కొన్ని నిమిషాలకు దానంతటదే వదులవుతోంది. చక్రం దగ్గర ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ పిస్టన్లను శుభ్రం చేసి సీళ్లు మార్చినా ఫలితం లేదు. లీవరు నొక్కితే బ్రేకు ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్‌కు కిట్టు వేస్తే చాలునా, కొత్తదే బిగించాలా?

రెంచి: కిట్టు చాలు. మాస్టర్ సిలిండర్ అడుగున సూదిమొనంత తిరుగు రంధ్రం ఉంటుంది. పాత బ్రేక్ ఆయిల్ గడ్డకట్టి అది మూసుకుపోతే ద్రవం వెనక్కి రాలేక ప్యాడ్లు డిస్కును పట్టుకునే ఉంటాయి. సన్నని తీగతో రంధ్రం తెరిచి, లోపలి గోడను తడి ఎమరీ కాగితంతో నునుపు చేసి, కొత్త సీళ్లు వేయండి.

నిదానం: ఎమరీ కాగితం సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. చాలా అల్యూమినియం సిలిండర్ల లోపలి గోడకు గట్టి పూత ఉంటుంది. అది పోతే కొత్త సీలు కూడా త్వరగా అరిగిపోతుంది. తేమ పట్టిన ద్రవం ఆరేళ్లు నిలిచిన చోట గుంటలు పడకుండా ఉంటాయా? కొత్త సిలిండరే బిగించండి. పైగా దాన్ని ఆయిల్ అనడం మానాలి. ఆ మాట విని ఖనిజ నూనె పోసినవారున్నారు.

రెంచి: వాడుకలో ఉన్న మాటను తప్పుపట్టడం తప్ప మీరు చెప్పినదేముంది? నేను నునుపు చేయమన్నాను, గీకమనలేదు.

చూపరి: చక్రం పట్టేసి ఉన్నప్పుడు క్యాలిపర్ మీద ద్రవాన్ని బయటికి వదిలే బ్లీడ్ నిపుల్‌ను కొద్దిగా వదులు చేసి చూడండి. అప్పటికీ చక్రం తిరగకపోతే తప్పు క్యాలిపర్‌ది.

నిదానం: రెంచి గారూ, నునుపు చేయడం, గీకడం రెండూ ఒకటే.

రెంచి: ఒకటి కాదు. నేను పని ఇతరులకు అప్పగించి నష్టపోయినవాణ్ణి. ఒక వర్క్‌షాపులో నా బండి సీళ్లకు మామూలు గ్రీజు పూశారు; అవి ఉబ్బి, బ్రేకు బిగుసుకుపోయింది. అప్పటినుంచి నా బ్రేకును నేనే విప్పుతున్నాను.

నిదానం: నాది తిరగబడిన కథ. కిట్టు నేనే వేశాను, లీవరు గట్టిగానే ఉందనుకున్నాను. ఆ బండిని మా తమ్ముడు తీసుకువెళ్లాడు. మొదటి వాలులోనే లీవరు హ్యాండిల్ దాకా వచ్చేసింది. కాలు విరగడంతో పోయింది గాని, విప్పినవాడు ఒకడు, నడిపేవాడు ఇంకొకడు అయినప్పుడు గుంటలున్నాయో లేదో కంటితో చూసి నిర్ణయించే ధైర్యం నాకిక లేదు.

రెంచి: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఎమరీ కాగితం గురించి ఇంత వాదించేవాణ్ణి కాదు. అయినా ఒకరి భయం మరొకరి బండికి కొలమానం కాదు.

పాతబండి: చూపరి గారు చెప్పినట్టు చేశాను. నిపుల్ వదులు చేయగానే ద్రవం చిమ్మి చక్రం తిరిగింది. మళ్లీ బ్రేకు పట్టించి, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గరి గొట్టం బోల్టు వదులు చేస్తే చక్రం కదలలేదు.

చూపరి: అయితే తప్పు గొట్టానిదే. పాత రబ్బరు గొట్టం లోపల ఉబ్బితే లీవరు ఒత్తిడికి ద్రవం ముందుకు వెళ్తుంది గాని, ఆ ఒత్తిడి పోయాక తొందరగా వెనక్కి రాదు. గొట్టంతో పాటు బోల్టు దగ్గరి రాగి వాషర్లు కూడా మార్చి, రిజర్వాయర్ మూత మీద రాసి ఉన్న రకం ద్రవమే కొత్త డబ్బా తెరిచి పోయండి.

నిదానం: గొట్టం మార్చండి. సిలిండర్ విషయంలో నా మాట మాత్రం అదే.

రెంచి: నాదీ అదే. కాగితం మాత్రం తడిపి వాడాలి.