కమిషన్ ఏజెంటు హోల్‌సేలరా? ఇలెవెంత్ పిల్లలకు బిజినెస్ స్టడీస్ ఎలా చెబుతున్నారు?

గుంటూరు_కామర్స్_టీచర్:

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక సీబీఎస్ఈ స్కూల్లో ఇలెవెంత్, ట్వెల్త్ వాళ్ళకు బిజినెస్ స్టడీస్ చెబుతాను. మన వైపు సంగతి మీకు తెలిసిందే, టెన్త్ అయిందంటే ఎంపీసీ, లేదంటే బైపీసీ. ఈ రెండూ వద్దన్న పిల్లాడిని ఇంటికొచ్చిన చుట్టాలు "ఏం నాన్నా, మార్కులు తగ్గాయా" అని పలకరిస్తారు. నా క్లాసులో సగం మంది ఆ మాట పడి వచ్చినవాళ్ళే. తెలివికి లోటు లేదు, బట్టీకి కూడా లోటు లేదు, అదే నా బాధ.

పార్ట్‌నర్‌షిప్‌కీ కోఆపరేటివ్ సొసైటీకీ తేడా రాయమంటే గీతలు గీసి పట్టిక వేసి ఎనిమిది పాయింట్లు రాస్తారు. సరే, మీ బాబాయి షాపు ఈ రెండిట్లో ఏది, లేక రెండూ కాదా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మొన్న ఇంటర్నల్ ట్రేడ్ చాప్టర్‌లో మీకు తెలిసిన ఒక హోల్‌సేలర్ గురించి రాయమన్నాను. మిర్చి యార్డులో కమిషన్ షాపు ఉన్న ఇంటి పిల్లాడు వాళ్ళ నాన్న హోల్‌సేలర్ అని రెండు పేజీలు రాశాడు. టెక్స్ట్‌బుక్‌లో హోల్‌సేలర్ చేసే సేవలన్నీ వరసగా దింపి మధ్యలో నాన్న పేరు పెట్టాడు, అంతే. కాదురా, కమిషన్ ఏజెంటు వేరు అంటే "బస్తాలు బస్తాలే కదా మేడమ్ అమ్మేది, రిటైల్ కాదు కదా" అన్నాడు. క్లాసంతా వాడి వైపే.

ఇరవై మార్కుల ప్రాజెక్టు ఎలాగూ ఉంది, అందులో ఫీల్డ్ విజిట్ ఒక ఆప్షన్. సీజన్‌లో యార్డుకే తీసుకెళ్దామని ఉంది. కానీ ఊరికే తిప్పి ఫొటోలు తీసుకుని రావడం నాకిష్టం లేదు. అక్కడ ఏం చూపించాలి, ఏం అడిగించాలి? యార్డు సంగతి పక్కన పెట్టినా, ఈ కాన్సెప్టులు పిల్లల బుర్రకు ఎక్కేలా మీరెలా చెబుతున్నారో కాస్త చెప్పండి.

యార్డు_గుమాస్తా:

మేడమ్ గారూ, నేను టీచర్ని కాదు, బీకాం చదివి యార్డులో కమిషన్ షాపులో లెక్కలు రాస్తుంటాను. ఆ పిల్లాడికి తేడా చెప్పడానికి ఒక్క ప్రశ్న చాలు: రాత్రికి రాత్రి తేజ రకం మిర్చి ధర క్వింటాకు వెయ్యి పడిపోతే ఎవరి జేబుకు చిల్లు? వాళ్ళ నాన్న జేబుకు కాదు, సరుకు ఇంకా రైతుదే కాబట్టి. షాపు ముందు దించినా, షాపు పేరు మీద వేలం పాట జరిగినా, కాటా అయ్యేదాకా సరుకు రైతుది. వాళ్ళ నాన్నకు వచ్చేది అమ్మిన మొత్తం మీద కమిషన్. హోల్‌సేలర్ అయితే డబ్బు పెట్టి కొని తన సరుకు చేసుకుంటాడు, ధర పడితే తనే మునుగుతాడు. ఆ ఎదురుగా సంచీలోంచి కాయ తీసి తొడిమ చూసి, విరిచి వాసన చూసి రేటు చెప్పేవాడున్నాడే, కొనుగోలుదారు, వాడి కథ అది.

అయితే పిల్లాడిది పూర్తిగా తప్పనకండి. మా షాపులు విత్తనాలకీ పురుగుమందులకీ రైతుకు ముందే అప్పు ఇస్తాయి, కొన్నవాడు డబ్బు ఆలస్యం చేసినా రైతుకు మేమే సర్దాల్సి వస్తుంది. అంటే కొంత రిస్కు మా మీద కూడా ఉంది, కాకపోతే అది ధర రిస్కు కాదు, బాకీ రిస్కు. ఈ రెండు రిస్కులు వేరని పిల్లలకు అర్థమైతే యార్డుకు వచ్చిన పని అయినట్టే.

చూపించాల్సినవాటిలో నేనైతే తాలు కాయతో మొదలు పెడతాను. ఎర్రటి మంచి కాయ ఒక పక్క, రంగు పోయి తెల్లబడిన తాలు ఒక పక్క. ఒకే చేను, ఒకే రైతు, రేటు మాత్రం సగం కూడా రాదు. పుస్తకంలో గ్రేడింగ్ అని ఒక లైను ఉంటుంది చూడండి, అది ఇదే. ఏరించడానికి కూలి ఖర్చు అవుతుంది, ఏరకపోతే మొత్తం సరుకుకే రేటు తెగ్గోస్తారు. ఆ కూలి దండగా లాభమా అని పిల్లల్నే లెక్క వేయమనండి.

తర్వాత పట్టీ. అమ్మకం అయ్యాక రైతు చేతికిచ్చే లెక్క కాగితం. పైన ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఎంత తూకం, ఏ రేటు, మొత్తం ఎంత, కింద కమిషన్, హమాలీ, కాటా ఖర్చులు, ముందు తీసుకున్న అప్పు ఉంటే అదీ తీసేసి చేతికొచ్చేది. పాత ఇంటర్ సెకండియర్‌లో కన్‌సైన్‌మెంట్ లెక్కల్లో, అంటే సరుకు ఏజెంటుకు పంపి అమ్మించే లెక్కల్లో, అకౌంట్ సేల్స్ అని చేసేవాళ్ళం కదా, అచ్చం అదే. పేరు కొట్టేసిన పట్టీ జిరాక్సు ఒకటి క్లాసుకు తెచ్చుకోండి, పీరియడ్ మొత్తం దాని మీదే నడుస్తుంది.

కోల్డ్ స్టోరేజీ కూడా వదలొద్దు. ఇప్పుడు రేటు లేదని రైతు సరుకు అందులో పెట్టుకుంటాడు, ఆ సరుకు మీద బ్యాంకు అప్పు ఇస్తుంది, దానికి ఇన్సూరెన్స్ ఉంటుంది, లారీ వాడు మోస్తాడు. వేర్‌హౌసింగ్, బ్యాంకింగ్, ఇన్సూరెన్స్, ట్రాన్స్‌పోర్ట్. మీ పుస్తకంలో ఆగ్జిలరీస్ టు ట్రేడ్ అన్నవి దాదాపు అన్నీ ఆ ఒక్క గేటు దగ్గరే కనిపిస్తాయి.

బెజవాడ_పాత_లెక్చరర్:

గుమాస్తా గారు చెప్పిన ప్రశ్న బాగుంది, దాన్నే కొంచెం సాగదీస్తాను. విజయవాడలో జూనియర్ కాలేజీలో చాలాకాలం కామర్స్ చెప్పి రిటైరయ్యాను. ఫార్మ్స్ ఆఫ్ బిజినెస్ ఆర్గనైజేషన్ చాప్టర్ మొత్తానికి నేను మూడే అడిగేవాడిని: డబ్బు ఎవరిది, నష్టమొస్తే ఎవరి ఇల్లు అమ్ముతారు, మాట ఎవరిది చెల్లుతుంది. వన్‌టౌన్‌లో ఏ షాపు ముందు నిలబడినా ఈ మూడూ అడగొచ్చు. సొంత వ్యాపారమైతే మూడిటికీ ఒకడే జవాబు. కంపెనీ దగ్గరికొచ్చేసరికి మూడూ విడిపోతాయి, డబ్బు వాటాదార్లది, వాళ్ళ నష్టం పెట్టిన వాటా వరకే, మాట బోర్డుది. పట్టిక బట్టీ పట్టక్కర్లేదు, ఈ మూడు జవాబుల్లోంచి పట్టిక వాళ్ళే రాసుకుంటారు.

పార్ట్‌నర్‌షిప్‌కి మాత్రం ఒక తగాదా పెట్టేవాడిని. ఇద్దరు స్నేహితులు బట్టల షాపు పెట్టారు, ఒకడు పది లక్షలు తెచ్చాడు, రెండోవాడు రెండు లక్షలు. కాగితం ఏమీ రాసుకోలేదు. ఏడాది తిరిగేసరికి లాభం ఆరు లక్షలు. ఎవరికెంత? క్లాసంతా ఐదుకు ఒకటి అంటారు. 1932 చట్టం ప్రకారం ఒప్పందం లేకపోతే చెరి సగం అని చెప్పగానే గోల మొదలవుతుంది. "అన్యాయం సార్" అని వెనక బెంచీ వాడు కూడా లేస్తాడు. అప్పుడు ఇంకోటి వదలాలి: పెట్టుబడికి వడ్డీ లేదు, షాపులో రోజంతా కూర్చున్నవాడికి జీతం లేదు, మూలధనం కాకుండా విడిగా అప్పు ఇస్తే దానికి మాత్రం ఆరు శాతం. డీడ్, అంటే ఒప్పంద పత్రం, ఎందుకు రాసుకోవాలో ఇక నేను చెప్పే పని లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయించుకోని ఫర్మ్ బాకీదారు మీద కోర్టుకెళ్ళలేదు అన్నది మర్నాటికి దాచుకునేవాడిని.

కోఆపరేటివ్‌కి బయట ఉదాహరణలు వెతకొద్దు మేడమ్. పొద్దున్నే గుమ్మంలో పడే విజయ పాల ప్యాకెట్ కృష్ణా జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్‌ది. మీ వైపు వడ్లమూడి సంగం డెయిరీ సహకార సంఘంగా మొదలై ఇప్పుడు ప్రొడ్యూసర్ కంపెనీ. పేరులో కంపెనీ వచ్చింది కదా, ఇక షేర్లు ఎక్కువున్నవాడిదే మాటా అని అడగండి. కాదు, రైతులే సభ్యులుగా ఉన్న ప్రొడ్యూసర్ కంపెనీలో కూడా మనిషికి ఒక ఓటే. ఒక గేదె ఉన్న ఆవిడకూ ఇరవై గేదెలున్న ఆసామికీ ఓటు సమానం. ఇది తెలివైన పిల్లలకు బాగా పట్టుకుంటుంది.

బ్యాంకులు వస్తే ఆంధ్రా బ్యాంకు కథ చెప్పండి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టారు, 1980లో జాతీయం అయింది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ప్రైవేటు, ప్రభుత్వరంగం, విలీనం, మూడూ ఒకే పేరు మీద అయిపోతాయి. ఇళ్ళల్లో పాత పాస్‌బుక్‌లు ఉంటాయి, తెమ్మంటే తెస్తారు.

ట్యూషన్_మాస్టారు_బీటీ:

పెద్దలు తిట్టుకోకపోతే ఒక మాట. నేను విజయవాడలో కామర్స్ ట్యూషన్లు చెబుతాను, నా దగ్గరికి వచ్చేవాళ్ళకు కావలసింది మార్కులు. ఇదంతా వినడానికి బాగుంది కానీ పరీక్షలో "ధర పడితే రైతుకే నష్టం" అని రాస్తే దిద్దేవాడికి సగం సంతృప్తి. హోల్‌సేలర్‌కు సరుకు మీద టైటిల్ (యాజమాన్య హక్కు) వస్తుంది, ఏజెంటుకు రాదు అన్న ముక్క ఆ మాటల్లోనే పడాలి. కేస్ స్టడీ ప్రశ్నల్లో కాన్సెప్టు గుర్తించి, పేరాలో అది తెలిసే వాక్యం ఎత్తి రాయాలి, రెండిట్లో ఏది లేకపోయినా మార్కు పోతుంది. ముందు కథ చెప్పండి, వద్దనను, కానీ అదే రోజు చివరి పది నిమిషాలు పుస్తకం మాట నోట్సులో పడాలి. రేపు రాయిద్దాం అనుకుంటే రేపు అసెంబ్లీ ప్రాక్టీసు ఉంటుంది.

ట్వెల్త్‌లో ఫేయోల్ మేనేజ్‌మెంట్ సూత్రాల దగ్గర నేనూ కథే చెబుతాను లెండి. యూనిటీ ఆఫ్ కమాండ్, యూనిటీ ఆఫ్ డైరెక్షన్ కలిపేసుకోని పిల్లాడిని నేనింకా చూడలేదు. పెళ్ళిలో వంటమేస్త్రికి పెళ్ళికూతురి మేనమామ వచ్చి సాంబారు పల్చగా ఉండాలంటాడు, నాన్న వచ్చి చిక్కగా అంటాడు. ఇక్కడ చెడింది కమాండ్, ఒక మనిషికి ఇద్దరు పెత్తందార్లు. అదే పెళ్ళిలో వంటవాళ్ళు ఎనిమిదింటికి టిఫిన్లనీ, పందిరి వాళ్ళు పదింటికి ముహూర్తమనీ, బస్సు వాళ్ళు పదకొండింటికి బయల్దేరడమనీ ఎవరి ప్లాను వాళ్ళు వేసుకుంటే చెడింది డైరెక్షన్. మొదటిది మనిషి గురించి, రెండోది పని మొత్తం గురించి. ఫేయోల్ కూడా క్లాసురూములో కూర్చుని రాయలేదు, ఫ్రాన్సులో గనుల కంపెనీ నడిపినాయన, పుస్తకం 1916లో వచ్చింది. అది చెబితే పిల్లలు ఆయన్ని కాస్త మనిషిలా చూస్తారు.

పునుగుల_బండి_అభిమాని:

మీలో ఎవరూ లాభం లెక్క దగ్గరికి రాలేదేంటి. మా చెల్లెలు క్లాసులో టీచర్ గారు పునుగుల బండి పెట్టించారు, నిజంగా కాదు, బోర్డు మీద. ప్లేటు 30 రూపాయలు, పిండీ నూనె గ్యాసూ కాగితం ప్లేటూ కలిపి 18, మిగిలేది 12. బండి అద్దె, కుర్రాడి కూలి, లైటు కలిపి రోజుకు 600. 600ని 12తో భాగిస్తే 50 ప్లేట్లు, యాభై ఒకటో ప్లేటు నుంచీ లాభం. అంతవరకూ మామూలే. అప్పుడు ఒకమ్మాయి లేచి "మరి చట్నీ రుబ్బే బండాయన భార్య కూలి ఎందులో వేశారు?" అందట. ఎక్కడా వేయలేదు. 300 వేస్తే 75 ప్లేట్లు అమ్మాలి. ఆ అమ్మాయి వాళ్ళమ్మకి నిజంగానే టిఫిన్ బండి ఉందని తర్వాత తెలిసింది. ఆ రోజు ఇంటికొచ్చి మా చెల్లెలు మా నాన్న షాపు లెక్క మొత్తం తిరగేసింది, అమ్మ కౌంటర్లో కూర్చునే గంటలతో సహా. మా నాన్నకి ఇప్పటికీ కామర్స్ అంటే కొంచెం భయం.

గుంటూరు_కామర్స్_టీచర్:

అందరికీ చాలా థాంక్స్ అండీ. ధర రిస్కు, బాకీ రిస్కు ముక్క ఇవాళ క్లాసులో వాడేశాను. నేనేమీ చెప్పకుండా గుమాస్తా గారి ప్రశ్న బోర్డు మీద రాసి కూర్చున్నాను. మా కమిషన్ షాపు పిల్లాడు కాసేపు ఆలోచించి "అయితే మా నాన్న కన్నా కొనేవాళ్ళకే ఎక్కువ రావాలి మేడమ్, వాళ్ళే కదా మునిగేది" అన్నాడు. లాభం రిస్కుకి ప్రతిఫలం అన్న లైను మొదటి చాప్టర్‌లో ఉంది, జూన్‌లో బట్టీ పట్టి అప్పజెప్పాడు కూడా. ట్యూషన్ మాస్టారు గారు కోప్పడకుండా చివర్లో టైటిల్ అన్న మాట కూడా రాయించాను.

లెక్చరర్ గారూ, ఆ పది లక్షలు, రెండు లక్షల తగాదా వచ్చే వారం పెడతాను. పట్టీ జిరాక్సు కూడా దొరికింది, అదే పిల్లాడు తెస్తానన్నాడు, రైతు పేరు కనపడకుండా కొట్టేసి తెమ్మన్నాను.

ఇక యార్డు విజిట్. ఫిబ్రవరి నెలాఖరు అనుకుంటున్నాం, ఇరవై మంది పిల్లలు, నేను, ఇంకో టీచర్. ఏ టైముకి వస్తే బాగుంటుంది? శనివారం స్కూలు హాఫ్ డే కాబట్టి ఆ రోజైతే మాకు వీలు.

యార్డు_గుమాస్తా:

శనివారం వద్దు మేడమ్, శని ఆదివారాలు యార్డు సెలవు, ఖాళీ షెడ్లు చూసి వెళ్ళాలి. మామూలు రోజు పొద్దున్నే రండి, పాట జరిగేటప్పుడు ఉండాలి, మధ్యాహ్నానికి కాటాలూ లోడింగూ తప్ప ఇంకేం కనపడవు. మేలో అయితే వేసవి సెలవులు ఇస్తారు, అందుకని వాయిదా వేసుకోవద్దు. ముందు మార్కెట్ కమిటీ ఆఫీసులో స్కూలు లెటర్‌హెడ్ మీద పర్మిషన్ తీసుకోండి, ఇరవై మంది ఒకేసారి షాపు మీద పడితే ఓనర్లు కంగారు పడతారు, ఐదుగురేసి పంపండి. సీజన్‌లో లారీలూ హమాలీలూ ఆగకుండా తిరుగుతుంటారు, దారికి అడ్డం నిలబడి నోట్సు రాసుకోవద్దనండి. ఆస్తమా ఉన్న పిల్లల్ని మాత్రం తీసుకురావద్దు, ఆ ఘాటు మాకే పడదు. మిగతావాళ్ళకి మాస్కు, చేతిరుమాలు, మంచినీళ్ళు తప్పనిసరి. కాయ ముట్టుకుంటే ముట్టుకున్నారు కానీ ఆ చేత్తో కళ్ళు రుద్దుకోవద్దని బస్సులోనే చెప్పండి, లోపలికొచ్చాక చెబితే ఎవరూ వినరు.