మోకాలు చూసుకోమనాలా, గీత చూడమనాలా?

పర్లాకిమిడి వ్యాయామ టీచరు
మా బడిలో పదమూడేళ్ల అమ్మాయి ఒకరు లాంగ్ జంప్ చేస్తుంది. సాధనలో చక్కగా దూకుతుంది కానీ, పోటీ రోజున దూకే పలక దగ్గరికి వచ్చేసరికి అడుగులు తడబడతాయి. పక్కన నిలబడి "మోకాలు ఎత్తు, చేతులు ఊపు" అని రెండేళ్లుగా అరుస్తూనే ఉన్నాను. ఈ మధ్య గాబ్రియెల్ వుల్ఫ్ పరిశోధన గురించి చదివాక నా అరుపులే ఆమెకు అడ్డమయ్యాయేమోనని బాధ వేసింది.

వుల్ఫ్ అమెరికాలో, లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయంలో పనిచేసిన పరిశోధకురాలు. విండ్‌సర్ఫింగ్ (తెరచాప ఉన్న పలక మీద నిలబడి నీటిపై సాగే ఆట) చేస్తుండగా, తన పాదాల మీద కాక పలక వంపు మీద మనసు పెట్టినప్పుడే మలుపు తేలికగా తిరుగుతున్నదని ఆమె గమనించారు. 1998లో అచ్చయిన ప్రయోగంలో స్కీయింగ్‌ను పోలిన యంత్రం ఎక్కించి, కొందరిని పాదాలతో నొక్కమన్నారు, కొందరిని పాదాల కింది చక్రాలను నొక్కమన్నారు. చేసే పని ఒకటే. అయినా చక్రాల మీద మనసు పెట్టినవారే బాగా నేర్చుకున్నారు. ఒళ్లు తనంతట తాను చేసుకుపోయే పనిలో మనం కల్పించుకుంటే కదలిక బిగుసుకుపోతుందని ఆమె వివరణ.

ఇప్పుడు ఇసుకలో ఎర్ర గుడ్డ పరిచి "దాన్ని దాటి పడు" అని మాత్రమే చెబుతున్నాను. పలక దాటి అడుగు వేసే ఫౌళ్లు తగ్గాయి. దూరం మాత్రం పెరగలేదు. మీ దగ్గర ఎలా ఉంది?

బరంపురం బార్‌బెల్
2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మా ఊరి రవికుమార్ వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచారు. ఆయన పేరు చెప్పుకొంటూ మా వ్యాయామశాలకు ఇప్పటికీ పిల్లలు వస్తుంటారు. పోటీలో పేరు పిలిచాక బార్ ఎత్తడం మొదలుపెట్టడానికి సాధారణంగా ఉండేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో మోచేయి, మడమ, నడుము అంటూ లెక్కపెట్టుకున్న కుర్రవాడు బార్ దగ్గరే కొయ్యబారిపోవడం ఎన్నోసార్లు చూశాను. అందుకే "పైకప్పు వైపు తోసెయ్" అని ఒక్క మాట చెప్పి పంపుతాను. కానీ టీచరు గారూ, కొత్తగా వచ్చినవాడికి నడుము నిలపడం చెప్పి తీరాలి. వంగిన నడుముతో బరువెత్తితే దెబ్బ తింటాడు.

సిరొంచ రైడర్
మాది మహారాష్ట్ర సరిహద్దు ఊరు. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. కబడ్డీ శిబిరంలో శిక్షకుడు "గుడఘా వాకవ్" అంటే పిల్లవాడు ముందు ఆ మాటను మోకాలుగా మార్చుకోవాలి, తర్వాత తన మోకాలిని తలచుకోవాలి, ఆ తర్వాత వంచాలి. ఈలోగా చీలమండ ఎదుటివాడి చేతికి చిక్కుతుంది. బోనస్ గీత చూపిస్తే ఏ భాషా అక్కర్లేదు. సరిహద్దు ఊళ్లలో ఆడేవారికి ఈ పరిశోధన మరింత అవసరమని నా గట్టి నమ్మకం.

గుణుపురం చదువరి
బార్‌బెల్ గారి మాటకు బలమిచ్చే పరిశోధన ఒకటుంది. మనస్తత్వ పరిశోధకురాలు సియాన్ బైలాక్, ఆమె సహచరులు 2002లో ఫుట్‌బాల్ ఆటగాళ్లను పరీక్షించారు. అనుభవజ్ఞులు తమ కాలిని గమనిస్తూ బంతిని నడిపితే ఆట దెబ్బతింది. కొత్తవారికి మాత్రం అలా గమనించడమే మేలు చేసింది. అనుభవజ్ఞులు కూడా అలవాటు లేని కాలితో ఆడినప్పుడు కొత్తవారిలాగే కాలిని గమనించి బాగుపడ్డారు.

ఇంకో సంగతి. వుల్ఫ్ పక్షాన వచ్చిన ఫలితాలను ఇటీవల మళ్లీ బేరీజు వేసిన పరిశోధకులు, అనుకూలమైనవే ఎక్కువగా అచ్చయ్యాయని, ఆ మొగ్గు సరిచేస్తే ప్రభావం బాగా తగ్గిపోతుందని చూపారు. ఎర్ర గుడ్డ మీదే భారమంతా వేయకండి.

పర్లాకిమిడి వ్యాయామ టీచరు
చదువరి గారూ, అలవాటు లేని కాలు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. గత ఏడాది ఆ అమ్మాయి దూకే కాలిని మార్పించింది నేనే. ఎడమ కాలితో దూకేది, కుడికి మార్చాను. అంటే ఆ కాలికి ఆమె ఇంకా కొత్తే. రేపు పాత కాలితోనే దూకించి చూస్తాను, గుడ్డ ఉంచీ, తీసీ కూడా. ఇలా కాలు మార్పించినవారు ఉంటే, కుదురుకోవడానికి ఎన్ని నెలలు పట్టిందో దయచేసి రాయండి.