కోహ్లీ మనవాడికి టోపీ పెట్టాడా?

2024 నవంబరులో పెర్త్ టెస్టు మొదలయ్యే ముందు మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి విరాట్ కోహ్లీ టెస్టు క్యాప్ అందించాడు. పొద్దున్నే టీవీ ముందు కూర్చున్న మా నాన్నగారు వంటింట్లోకి వినపడేలా "ఇదిగో, కోహ్లీ మనవాడికి టోపీ పెట్టాడే!" అని కేకేశారు. అమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చి "ఎంతకి?" అంది.

అప్పటినుంచి నా బుర్రలో ఇదే తిరుగుతోంది. ఆటగాడికి దేశం తరఫున దక్కే గౌరవాన్ని తెలుగులో చెప్పాలంటే 'క్యాప్' అనక తప్పడం లేదు. మాట లేక కాదు. ఉన్న మాట మోసానికి తాకట్టు పడిపోయింది. కుచ్చుటోపీ అయితే మరీ అన్యాయం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ వాళ్లు దేశానికి ఆడినవాళ్లకి టోపీ ఇవ్వాలని 1886లో నిర్ణయించారు. ఆ గౌరవ టోపీకి నిజంగానే కుచ్చు వేలాడుతూ ఉంటుంది! మన దగ్గర టోపీ పెడితే డబ్బు పోతుంది. అక్కడేమో 2020లో ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ తన ఆకుపచ్చ టెస్టు టోపీని కార్చిచ్చు బాధితుల కోసం వేలం వేస్తే పది లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. ఆడే రోజుల్లో ఆయనకి దాని మీద పెద్ద మోజు లేదు, వెడల్పు అంచున్న తెల్ల టోపీకే మొగ్గేవాడు. అది వేరే కథ.

అసలు అడగాలనుకున్నది క్రియల గురించి. బ్యాటర్ తయారవడం ఎలా చెబుతామో చూడండి. జెర్సీ వేసుకుంటాడు, ప్యాడ్లు కట్టుకుంటాడు, గ్లవ్స్ తొడుక్కుంటాడు, హెల్మెట్ పెట్టుకుంటాడు. వస్తువులన్నీ ఇంగ్లీషువే, క్రియలు మాత్రం మన బట్టల పెట్టెలోంచి వచ్చాయి. ప్యాడ్లకి ఇప్పుడు అంటించే పట్టీలే తప్ప ముడేసేదేమీ లేదు, అయినా పంచెలాగే కట్టుకుంటాం. పేపర్లో మాత్రం అన్నిటికీ ఒక్కటే 'ధరించాడు'. నాకు అది చదివితే నాటకం వేషంలా అనిపిస్తుంది. మీ వైపు ఎలా అంటారు?

వ్యాఖ్య: పేపరు డెస్కులో పదేళ్లు చేశాను, కాస్త సమర్థించుకోనివ్వండి. రాత్రి పదకొండు గంటలకి పేజీ పంపే టెన్షన్‌లో కట్టుకున్నాడా, తొడుక్కున్నాడా అని ఆలోచించే తీరిక ఉండదండీ. 'ధరించు' దేనికైనా సరిపోతుంది.

జవాబు: సరిపోతుంది సార్, అదే గొడవ.

వ్యాఖ్య: మాది కరీంనగర్. మా ఇంట్లో అంగీ తొడుగుతారు, జెర్సీ వేస్తారు. మొన్న మా అబ్బాయి వీపు మీద 18 నంబరున్న జెర్సీ వేసుకుని దిగితే మా అమ్మ "ఆ అంగీ తొడుక్కొని పెండ్లికొస్తవారా?" అంది. పెళ్లికి రావద్దన్నందుకు కాదు, అంగీ అన్నందుకు అలిగాడు వాడు. నాలుగొందలు పెట్టి కొన్న జెర్సీ నాయనమ్మ నోట్లో అంగీ అయిపోయింది కదా.

వ్యాఖ్య: టోపీ, జెర్సీలే కాదు మాస్టారూ, పచ్చబొట్టు సంగతి కూడా చూడండి. పచ్చబొట్టు పొడిపించుకుంటాం, టాటూ వేయించుకుంటాం. సూది అదే, నొప్పీ అదే. కానీ ఏ ఆటగాడి గురించైనా "పచ్చబొట్టు పొడిపించుకున్నాడు" అని రాస్తే వాడు సంతలో కూర్చున్నట్టు ఉంటుంది. ఒకప్పుడు మన ఊళ్లలో ఆడవాళ్ల చేతుల మీద ఉండేది ఇది. చదువుకున్న ఇళ్లలో పిల్లలకి వద్దనేవారు, మొరటుగా ఉంటుందని. ఇప్పుడు ఆటగాళ్ల చేతుల మీద చూసి అదే ఇళ్లలో కుర్రాళ్లు టాటూ షాపుల ముందు నిలబడుతున్నారు. పేరు మారకపోతే ఇంత తేలిగ్గా తిరిగొచ్చేదా అని నా అనుమానం.

మా నాయనమ్మ ముంజేతి మీద తాతయ్య పేరుండేది. ఆవిడ ఆ పేరు నోటితో పలికేది కాదు. జనాభా లెక్కలవాళ్లు వచ్చి "మీ ఆయన పేరేంటమ్మా?" అంటే కొంగు పక్కకి జరిపి చెయ్యి చాపేది. చదువుకోవడం వాళ్ల పని. కోహ్లీ ఒంటి మీద కూడా అమ్మానాన్నల పేర్లున్నాయి. వాటితో పాటు 175, 269 అనే అంకెలున్నాయి. మనదేశం తరఫున వన్డేలు ఆడినవాళ్లలో అతను 175వ వాడు, టెస్టుల్లో 269వ వాడు. అవి అతని క్యాప్ నంబర్లు.

జవాబు: ఈ వ్యాఖ్య మా నాన్నగారికి చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి "అంటే టోపీ నంబరు పచ్చబొట్టు పొడిపించుకున్నాడన్నమాట" అన్నారు.