బేస్‌మెంట్‌లో నీళ్లు, క్లెయిమ్ రాదంటున్నారు. ఏం చేయాలి?

నమస్తే అండీ. మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. పోయిన గురువారం రాత్రి గాలివానకి కరెంటు పోయి సంప్ పంపు (బేస్‌మెంట్ అడుగున గుంతలో చేరే నీటిని బయటికి తోడేది) ఆగిపోయింది. తెల్లారి మెట్లు దిగితే చీలమండల దాకా నీళ్లు. కార్పెట్, గోడల అడుగుభాగం, అమ్మ ఊరినుంచి పంపిన ఆవకాయ జాడీల అట్టపెట్టెలు, అన్నీ నానిపోయాయి. జాడీలు మాత్రం దక్కాయి లెండి.

నష్టం అంచనా వేయడానికి వచ్చిన ఇన్సూరెన్స్ అడ్జస్టర్ పది నిమిషాలు చూసి, "ఇది వరద నీరు, హోమ్ పాలసీలో రాదు" అని తేల్చేశాడు. వరదకి విడిగా పాలసీ ఉండాలని తెలుసు, మాకు లేదు. ఇప్పుడు ఫెడరల్ ప్రభుత్వ వరద పాలసీ కట్టినా మామూలుగా 30 రోజులు ఆగాలి, జరిగిన నష్టానికి ఎలాగూ పనికిరాదు. కానీ మా పాలసీలో 10,000 డాలర్ల వాటర్ బ్యాకప్ ఎండార్స్‌మెంట్ (డ్రెయిన్ నీళ్లు వెనక్కి తన్నితే వర్తించే అదనపు కవరేజీ) ఉంది. సంప్ పొంగినా వర్తిస్తుందని అందులోనే రాసుంది! నీళ్లు వచ్చింది ఆ గుంతలోంచే. కిటికీల కింద మరక కూడా లేదు.

దీన్ని ఎలా నిరూపించాలి? ప్లంబర్ రాసిచ్చిన రిపోర్టు సరిపోతుందా? మన తరఫున క్లెయిమ్ నడిపే పబ్లిక్ అడ్జస్టర్‌ని పెట్టుకుంటే వచ్చిన దాంట్లో వాటా తీసుకుంటాడు, ఇంత చిన్న మొత్తానికి దండగేమో. రాష్ట్ర బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ శాఖకి ఫిర్యాదు పెట్టినవాళ్లెవరైనా ఉన్నారా?

ఇంకోటి, అర్జెంటు: బూజు పడుతుందని తడిసిన డ్రైవాల్ (గోడల జిప్సం బోర్డు) కోసేయమంటున్నారు. ఫోటోలు తీశాను, కార్పెట్ ముక్క ఒకటి దాచాను. క్లెయిమ్ తేలకముందే కోయించొచ్చా?