నడుం నొప్పి తగ్గాక డెడ్‌లిఫ్ట్ ఎలా మొదలుపెట్టాలి? (చర్చ)

కాలవగట్టు (పాలకొల్లు)
నడుం పట్టేసి, తగ్గి రెండు నెలలు. కాల్లోకి లాగడం, తిమ్మిరి లేవు. వ్యాయామం చెయ్యొచ్చని డాక్టరు గారు చెప్పారు. జిమ్ములో డెడ్‌లిఫ్ట్ (ప్లేట్లు వేసిన రాడ్డుని నేల మీద నుంచి ఎత్తి నిటారుగా నిలబడటం) 40 కిలోలతో చెయ్యమంటున్నారు. అలా మొదలెట్టొచ్చాండి?

పిక్కబలం (భీమవరం)
బరువు సంగతి తర్వాతండి. ముందు తుంటి దగ్గర వంగడం రావాలి. గోడకి వీపు తిప్పి జానెడు దూరంలో నిలబడండి. మోకాళ్లు కొంచెం సడలించి, పిరుదులు గోడకి తగిలేదాకా వెనక్కి తొయ్యండి. తగిలితే నాలుగు వేళ్లు ముందుకి జరిగి మళ్లీ. తొడల వెనక లాగాలి. నడుంలో లాగిందంటే వంపు అక్కడ వస్తోందన్నమాట.

తర్వాత చీపురు కర్ర. వీపు మీద నిలువుగా పెట్టి, ఒక చేత్తో మెడ వెనక, ఇంకో చేత్తో నడుం వెనక పట్టుకోండి. తల వెనక, రెక్కల మధ్య, తోక ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తగిలే ఉండాలి. వంగుతున్నప్పుడు తోక ఎముక దగ్గర వదిలేస్తే నడుం గుండ్రమైపోయినట్టు. నడుం దగ్గర అరచెయ్యి మందం సందు సహజం, అది పెరిగితే మరీ విరుచుకుంటున్నారు. అదీ తప్పే.

రోజూ పదేసి చొప్పున రెండు సార్లు చాలు. నిద్ర లేవగానే మాత్రం వద్దు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. కనీసం గంట ఆగండి. తెల్లారగట్ట చెరువు మీదకెళ్లి మేత బస్తాలు ఎత్తేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

గౌతమి పాయ (యానాం)
పై మాటకి ఒకటి కలుపుతాను. చిన్న ఊళ్ల జిమ్ముల్లో నడుం చెడగొట్టేది చాలాసార్లు రాడ్డు నేలకి ఎంత ఎత్తులో ఉందన్నదే. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి రాడ్డు నేలకి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 5, 10 కిలోల చిన్న ఇనప ప్లేట్లు వేస్తే అది బాగా కిందికి దిగిపోతుంది. ఆ లోతుకి తుంటి వంగలేకపోతే మిగతాది నడుం వంగి పూరిస్తుంది. మీ తప్పేం లేకపోయినా దెబ్బ మీకే. టేపు పెట్టి కొలవండి.

రాడ్డు కూడా తూయించండి. అన్నీ 20 కిలోలవి కావు, తేలికవీ ఉంటాయి.

కాలవగట్టు
ప్లేట్ల కింద ఇటుకలు పెడితే సరిపోద్దా?

గౌతమి పాయ
వద్దండి. ఒక ఇటుక పగిలితే రాడ్డు ఓ పక్కకి ఒరిగి నడుం మెలిపడుతుంది. సామిల్లులో మందపాటి చెక్క పలకలు కోయించి, రెండు పక్కలా సమానంగా పేర్చండి. రాడ్డు మోకాలి చిప్పకి కొంచెం కింద ఉండేలా మొదలెట్టి, వీపు కదలకుండా వస్తుంటే రెండు వారాలకో పలక తియ్యండి. 22.5 దగ్గర ఆగిపోండి, అంతకంటే కిందికి అవసరం లేదు.

పిక్కబలం
ఇక ఎత్తే వరస. బూట్లు మెత్తటివి వద్దు, పలచటి కాన్వాసువి మేలు. పాదాలు తుంటి వెడల్పున, రాడ్డు పాదం మధ్యకి సరిగ్గా పైన. అంటే కాలి ముందెముకకి రెండు వేళ్ల దూరం. పిరుదులు వెనక్కి తోసి, కాళ్లకి బయటగా పట్టుకోండి. రాడ్డు కదపకుండా మోకాళ్లు వంచి ముందెముకని దానికి ఆనించండి. చంకలో తువ్వాలు నొక్కిపట్టినట్టు చేతులు బిగించాలి. పొట్టలోకి, డొక్కల్లోకి గాలి పీల్చి, ఎవరో గుద్దబోతున్నట్టు బిగించండి. రాడ్డుకీ ప్లేటు బెజ్జానికీ మధ్య వదులుంటుంది, ముందు మెల్లగా లాగితే అది పోతుంది. అప్పుడు పాదాలతో నేలని కిందికి తొయ్యండి. వదులు తియ్యకుండా ఒక్కసారి గుంజితేనే నడుం కలుక్కుమంటుంది.

పైన నిటారుగా ఆగాలి, వెనక్కి విరగొద్దు. దించేటప్పుడు ముందు తుంటి, రాడ్డు మోకాళ్లు దాటాకే మోకాళ్లు. వరస తిరగబడితే రాడ్డు మోకాలి చుట్టూ ముందుకి పోతుంది, ఆ బరువంతా నడుం మీదే.

మొదట 15–20 కిలోలు, అయిదేసి చొప్పున మూడు సెట్లు, వారానికి రెండు రోజులు. ప్రతిసారీ నేలకి దించి, ఊపిరి మళ్లీ తీసుకోండి. ఇంకో మూడు నాలుగు ఎత్తగలిగే ఓపిక ఉండగానే ఆపండి. సెట్లన్నీ శుభ్రంగా వస్తే 2.5 కిలోలు పెంచండి. ఫోను పక్క నుంచి, తుంటి ఎత్తులో పెట్టి వీడియో తీసుకుంటే అబద్ధం చెప్పదు.

వరిదుబ్బు (తణుకు)
బెల్టు కట్టుకుంటే రక్షణ కాదాండి? చెమటకి చేతులు జారుతున్నాయి, పౌడరు రాస్తున్నాం.

పిక్కబలం
బెల్టు పొట్ట బిగింపుకి ఆసరా మాత్రమే. బిగించడం రానివాళ్లకి ఉపయోగం తక్కువ. ముఖానికి రాసే పౌడరు ఇంకా జారుతుంది, జిమ్ సుద్ద వేరు. మన ఉక్కపోతకి అది తప్పనిసరి. ఒక చెయ్యి జారినా నడుం మెలిపడుతుంది.

ఎముకలగూడు (కాకినాడ)
నొప్పి లెక్క చెప్తాను. పదికి మూడు లోపు ఉండి, 24 గంటల్లో మామూలైతే కొనసాగించొచ్చు. మర్నాటికి పెరిగితే బరువు తగ్గించాలి, లేదా పలకలు వేసి రాడ్డుని ఇంకాస్త ఎత్తులో పెట్టాలి. నొప్పి నడుం నుంచి పిక్కలోకి దిగుతుంటే ఆపెయ్యండి. పాదం పైకి లేవకపోయినా, మలమూత్ర ద్వారాల చుట్టూ మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, మర్నాటిదాకా ఆగొద్దు.

2015లో వచ్చిన ఓ స్వీడన్ పరిశోధనలో డెడ్‌లిఫ్ట్ శిక్షణ బాగా పనిచేసింది నొప్పి తీవ్రత తక్కువగా ఉండి, వీపు కండరాలకి ఓపిక ఉన్నవాళ్లకే. కాబట్టి ముందు ఆ ఓపిక పెంచండి. కెనడాకి చెందిన వెన్నెముక పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పే మూడు వ్యాయామాలు దీనికి చాలు: ఒక మోకాలు మడిచి తల, భుజాలు కొంచెం లేపడం, మోచేతి మీద పక్కకి నిలవడం, నాలుగు కాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యి, కాలు చాపడం. ఒక్కోటీ పది సెకన్లు పట్టి ఉంచండి.

కాలవగట్టు
25 కిలోల మేత బస్తాకీ ఇదే వరసా?

ఎముకలగూడు
కాదండి, బస్తాకి పట్టు ఉండదు. ముందు నిలబెట్టి, పాదాలు దానికి రెండు పక్కలా పెట్టి, రెండు చేతులా కౌగిలించుకుని పొట్టకి ఆనించాకే లేవండి. తిరగాలంటే అడుగులు వేసి తిరగండి, నడుం తిప్పి విసరొద్దు. ఆటో మీద నుంచి దింపేటప్పుడు ముందు బస్తాని అంచుకి లాక్కోండి.